కుర్చీని నేల మీద నిలబెట్టడం: ఇంటి ఫర్నిచర్‌ను నీటిరంగుల్లో చిత్రించే విధానం

చెట్టు బొమ్మలో ఒక కొమ్మ జానెడు పక్కకు పోయినా ఎవరూ పట్టించుకోరు, ఎందుకంటే ఆ చెట్టును ఎవరూ అంత పట్టిపట్టి చూసి ఉండరు. కుర్చీ సంగతి అలా కాదు. నడక నేర్చినప్పటి నుంచి ప్రతి మనిషీ కుర్చీలను కళ్ళతో, చేతులతో, నడుముతో కొలుస్తూనే ఉంటాడు కనుక, బొమ్మలో ఒక కాలు కాస్త పొట్టిదైతే చిత్రకళతో ఏ పరిచయమూ లేనివారు కూడా ‘ఇందులో కూర్చుంటే పడిపోతాం’ అని ఇట్టే చెప్పేస్తారు. ఇంటి సామాను చిత్రించడంలోని కష్టమూ, రుచీ రెండూ ఇక్కడే ఉన్నాయి.

ఈ పనిలో సాధించవలసినవి రెండు. కాగితం మీది వస్తువు తన బరువుతో నేల మీద నిలబడాలి. దాన్ని ఎవరో ఏళ్ళ తరబడి వాడినట్టు కనబడాలి. మొదటిది కుదరకపోతే అది తప్పు బొమ్మ అవుతుంది. రెండోది కుదరకపోతే అమ్మకానికి పెట్టిన సరుకు పట్టికలోని బొమ్మ అవుతుంది. రంగుల కలయిక, కుంచె పట్టు, కాగితం నాణ్యత వంటివన్నీ ఈ రెండింటి కోసమే.

ఈ తరహా చిత్రణకు ఘనమైన పూర్వరంగం ఉంది. అమెరికాలో ఆర్థిక మాంద్యం కాలంలో, పని లేని చిత్రకారులకు ప్రభుత్వం పని కల్పించినప్పుడు, 1935 నుంచి 1942 వరకు ‘ఇండెక్స్ ఆఫ్ అమెరికన్ డిజైన్’ అనే పథకం నడిచింది. పాత కుర్చీలు, పెట్టెలు, బల్లలు, బొమ్మలు, గిన్నెలు, బట్టలు మొదలైనవాటిని అందులో దాదాపు 18,000 నీటిరంగుల చిత్రాలుగా నమోదు చేశారు. అవి ఇప్పుడు వాషింగ్టన్‌లోని నేషనల్ గ్యాలరీ ఆఫ్ ఆర్ట్‌లో ఉన్నాయి. వస్తువు తప్ప మరేమీ లేని ఆ చిత్రాల్లో చెక్క అరిగిన చోటు, మేకు చుట్టూ పట్టిన తుప్పు, పెచ్చులూడిన రంగు అన్నీ కనిపిస్తాయి. దీనికి పూర్తిగా భిన్నమైన దారి స్వీడన్ చిత్రకారుడు కార్ల్ లార్సన్‌ది. సుండ్‌బోర్న్‌లోని తన ఇంటి గదులను, అందులోని బల్లలను, కుర్చీలను ఆయన స్పష్టమైన సన్నని గీతలతో, పలచని నీటిరంగు పూతలతో చిత్రించారు. మొదటి దారిలో వస్తువు ఒంటరిగా నిలుస్తుంది, రెండో దారిలో ఇంటితో కలిసి బతుకుతుంది. కొత్తగా నేర్చుకునేవారు మొదటి దారిలో మొదలుపెట్టడమే మంచిదని నా అభిప్రాయం.

ఈ మార్గదర్శిలో ఆసాంతం ఒకే వస్తువును ఉదాహరణగా తీసుకుంటాను: పేముతో అల్లిన సీటు, రెండు చేతులు, నిటారు వీపు ఉన్న పాత చెక్క కుర్చీ. అది నా గదిలోదే. దాన్ని ఇప్పటికి చాలాసార్లు చిత్రించాను, సగానికి పైగా పాడు చేశాను.

వస్తువు ఎంపిక, కూర్చునే చోటు

మొదటి చిత్రానికి పెద్ద సోఫా, అద్దాల బీరువా వంటివి వద్దు. కాళ్ళ మధ్య ఖాళీలు కనిపించే వస్తువును, అంటే కుర్చీ, ముక్కాలిపీట, చిన్న బల్ల వంటిదాన్ని ఎంచుకోవాలి. ఆ ఖాళీలు గీతను సరిచూసుకోవడానికి ఎంత ఉపయోగపడతాయో కాసేపట్లో తెలుస్తుంది. కొత్త సామాను కంటే పాతది మేలు. కొత్త బల్ల మీద చూపడానికి మెరుపు తప్ప ఏమీ ఉండదు.

వస్తువును కిటికీకి పక్కగా, ఒక్క వైపు నుంచే వెలుగు పడేలా పెట్టాలి. గదిలోని దీపాలన్నీ ఆర్పేయాలి, ఎందుకంటే రెండు వైపుల నుంచి వెలుగు వస్తే రెండు నీడలు పడి, కుర్చీ ఏ నీడ మీద నిలబడాలో తెలియక తేలిపోతుంది. నేరుగా ఎండ పడే కిటికీ అయితే ఇంకొక చిక్కు ఉంది. సూర్యుడు ఆకాశంలో గంటకు 15 డిగ్రీల చొప్పున జరుగుతాడు కనుక, గీత పూర్తయ్యేలోగానే నీడ మరో చోటికి వెళ్ళిపోతుంది. అందుచేత ఎండలో వేయదలచినవారు మొదటి పది నిమిషాల్లోనే నీడ అంచులను పెన్సిల్‌తో గుర్తించి, ఆ తర్వాత అసలు నీడ ఎటు పోయినా దాని వెంట పోకూడదు.

ఎంత దూరంలో కూర్చోవాలన్నది చాలామంది ఆలోచించని విషయం. బొమ్మ వంకరగా వచ్చిందని బాధపడేవారిలో చాలామంది నిజానికి సరిగ్గానే గీసి ఉంటారు, కాకపోతే మరీ దగ్గర కూర్చుని గీసి ఉంటారు. కూర్చున్న మనిషి కళ్ళు నేలకు సుమారు 120 సెంటీమీటర్ల ఎత్తున ఉంటాయనుకుందాం. 45 సెంటీమీటర్ల సీటు ఎత్తు, అంతే లోతు ఉన్న కుర్చీ ముందు కాళ్ళు 2 మీటర్ల దూరంలో ఉంటే, వెనుక కాళ్ళ పాదాలు కాగితం మీద ముందు కాళ్ళ పాదాల కంటే, ముందు కాలి పొడవులో దాదాపు సగమంత పైన కనిపిస్తాయి. అదే కుర్చీని 4 మీటర్ల నుంచి చూస్తే ఆ తేడా పావు వంతు దాటి కొద్దిగా ఉంటుంది. దగ్గరైన కొద్దీ కుర్చీ మన మీదికి ఒరుగుతున్నట్టు అనిపించడానికి కారణం ఇదే. వస్తువు ఎత్తుకు కనీసం మూడింతల దూరం, అంటే మామూలు కుర్చీకి రెండున్నర నుంచి మూడు మీటర్లు, సరిపోతుంది.

కాగితం, రంగులు, కుంచెలు

కాగితం విషయంలో మాత్రం పొదుపు చేయకూడదు. 300 జీఎస్‌ఎం (చదరపు మీటరుకు 300 గ్రాముల) బరువు, నూరు శాతం నూలుతో చేసిన కాగితం ఉంటే, వేసిన రంగును మళ్ళీ తడిపి ఎత్తవచ్చు, అంటే కాగితం మీంచి తీసేయవచ్చు, పూత మీద పూత వేయవచ్చు. చెక్క గుజ్జుతో చేసిన చవక కాగితం రెండో పూతకే నూగు లేస్తుంది. కోల్డ్ ప్రెస్ కాగితానికి ఉండే సన్నని గరుకు చెక్క సామానుకు బాగా నప్పుతుంది. లోహపు బీరువా, అద్దం వంటి నునుపైన వాటికి హాట్ ప్రెస్ అనే నున్నటి కాగితం మంచిది కాని, దాని మీద రంగు ఎక్కడ ఆగుతుందో ఊహించడం కష్టం. 28×38 సెంటీమీటర్ల ముక్క ఒక కుర్చీకి చాలు. కాగితాన్ని పలక మీద నాలుగు వైపులా టేపుతో అంటించాలి, లేకపోతే నేల పూత వేసేటప్పుడు ఉబ్బి మధ్యలో గుంట పడుతుంది.

రంగులు ఆరు చాలు: యెల్లో ఓకర్ (మట్టి పసుపు), బర్న్ట్ సియన్నా, బర్న్ట్ అంబర్ (ముదురు గోధుమ), అల్ట్రామెరీన్ బ్లూ, క్వినాక్రిడోన్ రోజ్ (గులాబీ), లెమన్ యెల్లో. నలుపు ట్యూబును పెట్టెలోంచి తీసి పక్కన పెట్టమని గట్టిగా చెబుతాను. బర్న్ట్ సియన్నా నారింజ ఛాయ గల గోధుమరంగు, అల్ట్రామెరీన్ నీలం. ఇవి దాదాపు ఎదురెదురు రంగులు కనుక కలిస్తే ఒకదాన్నొకటి అణచుకుని బూడిద రంగు వస్తుంది. నీరు తగ్గించి చిక్కగా కలిపితే నలుపుకు దగ్గరగా వెళుతుంది. సియన్నా పాలు పెంచితే వెచ్చగా, నీలం పాలు పెంచితే చల్లగా మారే ఈ బూడిద రంగు కుర్చీ నీడకు ప్రాణం పోస్తుంది, ట్యూబులోంచి నేరుగా వచ్చిన నలుపు మాత్రం నీడను మసిగుడ్డలా చేస్తుంది. ఎర్ర ఛాయ గల చెక్క కోసం అలిజరిన్ క్రిమ్సన్ కొనాలనిపిస్తే, ట్యూబు మీద రంగు పొడి సంకేతం చూడాలి. పి.ఆర్. 83 అని ఉంటే అది వెలుతురుకు వెలిసిపోయే రకం. గోడకు తగిలించే బొమ్మకు అది పనికిరాదు.

గుండ్రటి కుంచెలు పదో నంబరుది ఒకటి, ఆరో నంబరుది ఒకటి, చెక్క చారలకు పొడవాటి సన్నని రిగ్గర్ ఒకటి, బల్ల పైభాగం వంటి చదునైన చోట్లకు రెండు సెంటీమీటర్ల చదును కుంచె ఒకటి ఉండాలి. వీటితోపాటు వెంట్రుకలు అరిగి గట్టిబడిన పాత కుంచెను పారేయకుండా దాచుకోవాలి. వెలుగు అంచులను ఎత్తడానికి అంతకు మించిన పనిముట్టు లేదు.

గీత: పెట్టె, పాదాలు, ఖాళీలు

గీయడం మొదలుపెట్టే ముందు కంటి మట్టం ఎక్కడుందో తేల్చుకోవాలి. కంటి మట్టం అంటే మన కళ్ళ ఎత్తున గది గోడల మీదుగా ఊహించుకునే అడ్డగీత. దానికి కింద ఉన్న వస్తువుల అంచులు దూరం వెళ్ళే కొద్దీ పైకి ఎక్కుతాయి, పైన ఉన్నవాటి అంచులు దూరం వెళ్ళే కొద్దీ కిందికి దిగుతాయి. కూర్చుని చూసేవారికి మామూలు కుర్చీ మొత్తం కంటి మట్టానికి కిందే ఉంటుంది, కాబట్టి వీపు పైకర్రతో సహా వెనక్కి పోయే గీతలన్నీ పైకే ఎక్కాలి. మనిషి కంటే ఎత్తైన బీరువా విషయంలో మాత్రం అడుగు అంచు ఎక్కుతుంది, పై అంచు దిగుతుంది.

ఇప్పుడు కుర్చీని మరచిపోయి, అది సరిగ్గా పట్టే అట్టపెట్టెను ఊహించాలి. ఆ పెట్టె వెడల్పును, ఎత్తును పెన్సిల్‌తో కొలవాలి: మోచేయి పూర్తిగా చాచి, ఒక కన్ను మూసి, పెన్సిల్ కొస నుంచి బొటనవేలి వరకు కుర్చీ వెడల్పును పట్టి, అది ఎత్తులో ఎన్నిసార్లు పడుతుందో చూడాలి. మోచేయి వంగితే కొలత మారిపోతుంది. పెట్టెను తేలికగా గీసిన తర్వాత చేయవలసింది సీటు కాదు, వీపు కాదు; నేల. నాలుగు పాదాలు నేలను తాకే నాలుగు బిందువులను ముందుగా పెట్టి, వాటిని కలిపి చతుర్భుజం గీయాలి. ఆ చతుర్భుజం నేల మీద పరిచిన చాపలా కనిపిస్తే చాలు, కుర్చీ నిలబడినట్టే. అది ఎక్కడైనా లేచినట్టు అనిపిస్తే, పైన ఎంత చక్కగా గీసినా లాభం లేదు.

ఆ తర్వాత కాళ్ళు లేపి, సీటు పరచి, వీపు నిలపాలి. నేను తరచు చేసిన తప్పు ఒకటి చెబుతాను. కుర్చీ వెనుక కాళ్ళు, వీపు ఒకే కర్రతో చేసి ఉంటాయి. ఆ కర్ర సీటు దగ్గర కొద్దిగా వంగి, పైన వెనక్కి, కింద కూడా వెనక్కి వాలుతుంది. ఈ రెండు వాలులనూ గమనించకుండా నిలువు గీత గీసేస్తే కుర్చీ బిగుసుకుపోయి, ఎవరూ కూర్చోలేనిదిగా తయారవుతుంది.

గీత సరిపోయిందో లేదో చూసుకోవడానికి ఇప్పుడు ఖాళీలను చూడాలి. ముందు కాళ్ళ మధ్య, అడ్డకర్రకు పైన కనిపించే ఖాళీ ఏ ఆకారంలో ఉంది? చేతికర్ర కింద, సీటుకు పైన ఉన్న ఖాళీ ఎంత ఇరుకుగా ఉంది? కాలు అనగానే మన బుర్ర తనకు తెలిసిన కాలును గీయిస్తుంది. ఖాళీకి పేరు లేదు కనుక, దాన్ని కళ్ళకు కనిపించినట్టే గీస్తాం. ఒక అట్టముక్కలో చిన్న దీర్ఘచతురస్రం కత్తిరించి, అందులోంచి చూస్తే ఖాళీలు ఇంకా తేటగా విడిపోతాయి. ఖాళీలన్నీ కుదిరితే కుర్చీ దానంతట అదే కుదురుతుంది.

ముక్కాలిపీటకో, గుండ్రటి బల్లకో ఒక మెలకువ చాలు. నిటారుగా నిలిచిన వస్తువు పైన కనిపించే కోడిగుడ్డు ఆకారపు వలయం పొడవు ఎప్పుడూ అడ్డంగానే ఉంటుంది, ఒరగదు. కంటి మట్టానికి ఎంత కిందికి పోతే వలయం అంత గుండ్రంగా విచ్చుకుంటుంది. వలయం రెండు చివర్లు కోసుగా రాకూడదు, అక్కడ కూడా చిన్న ఒంపు ఉండాలి.

వెలుగు పటం

రంగు కలపడానికి ముందు, వేరే కాగితం మీద అగ్గిపెట్టె అంత చిన్న బొమ్మ వేసి, మొత్తం దృశ్యాన్ని మూడే ఛాయలుగా విడదీయాలి: తెల్లగా వదిలేది, నడిమి ఛాయ, చిక్కటి ఛాయ. కళ్ళు సగం మూసి చూస్తే వివరాలు మాయమై ఈ మూడు ముక్కలు మిగులుతాయి. నా కుర్చీలో తెల్లనివి చేతికర్రల పైభాగం, సీటులో కిటికీ వైపు అంచు. చిక్కనిది సీటు కింద చీకటి, అక్కడి నుంచి నేల మీదికి జారిన నీడ. తక్కినదంతా నడిమి ఛాయ. నీటిరంగుల్లో తెలుపు అంటే కాగితమే కాబట్టి, ఏది వదలాలో ముందే తెలిసి ఉండాలి. ఈ చిన్న బొమ్మకు ఐదు నిమిషాలు పడుతుంది. దాన్ని దాటవేసిన ప్రతిసారీ నేను పెద్ద బొమ్మ మీద రెండు గంటలు పోగొట్టుకున్నాను.

మొదటి పూత

చెక్క గోధుమరంగులో ఉంటుందన్న నమ్మకంతో నేరుగా గోధుమరంగు వేయడం అందరూ చేసే పని. పాత చెక్కను నిదానంగా చూస్తే అందులో అడుగున తేనె రంగు, దాని మీద ఎరుపు, కిటికీ వైపు తిరిగిన నునుపైన భాగాల మీద ఆకాశపు నీలపు జాడ కనిపిస్తాయి. కనుక మొదటి పూతగా యెల్లో ఓకర్‌ను ధారాళంగా నీటితో కలిపి, తెల్లగా వదలవలసిన చోట్లు మినహా కుర్చీ కర్రలన్నింటికీ వేయాలి. అది ఇంకా తడిగా మెరుస్తుండగానే, వెలుగుకు ఎడంగా ఉన్న వైపు బర్న్ట్ సియన్నాను కుంచె కొసతో తాకించి వదిలేయాలి. రంగు తనంతట తాను పాకుతుంది. దాన్ని కుంచెతో సర్దబోతే మచ్చలు పడతాయి.

నీటిరంగు ఆరాక బాగా పలచబడుతుంది. తడిగా ఉన్నప్పుడు సరిగ్గా ఉందనిపించిన రంగు మర్నాడు నీరసంగా కనిపిస్తుంది. అందుకే అదే రకం కాగితపు ముక్క మీద రంగును వేసి, ఆరనిచ్చి, అప్పుడు నిర్ణయించాలి. వెలుతురు విషయంలో కూడా జాగ్రత్త అవసరం. ఒకసారి పసుపు బల్బు కింద రాత్రంతా కూర్చుని, చక్కని బూడిద నీడ వేశానని మురిసి పడుకున్నాను. తెల్లవారాక చూస్తే కుర్చీ కింద వంకాయ రంగు మడుగు ఉంది. అప్పటి నుంచి రంగు కలిపే పని పగటి వెలుతురులోనే చేస్తున్నాను.

నీడ

చాలామంది నీడను చివర్లో, పని అయిపోయిందనుకున్నాక అతికిస్తారు. నీడను రెండో పూతగానే, చెక్క వివరాల కంటే ముందే వేయాలన్నది నా గట్టి అభిప్రాయం, ఎందుకంటే కుర్చీ బరువు మోసేది నీడే. మొదటి పూత పూర్తిగా ఆరిందని చేతి వెనుక భాగంతో తాకి చూడాలి. చల్లగా తగిలితే లోపల ఇంకా తడి ఉన్నట్టు.

అల్ట్రామెరీన్, కొద్దిగా క్వినాక్రిడోన్ రోజ్, చిటికెడు బర్న్ట్ సియన్నా కలిపి, ఒక్క పూతకు సరిపోయేంత పరిమాణంలో సిద్ధం చేసుకోవాలి. మధ్యలో మళ్ళీ కలపవలసి వస్తే అదే రంగు రాదు, ఈలోగా అంచు ఆరిపోతుంది. సీటు అడుగున మొదలుపెట్టి, కాలు నీడవైపు ముఖం మీదుగా దిగి, పాదం దగ్గర ఆగకుండా నేల మీదికి సాగిపోవాలి. కాలి మీది నీడ, నేల మీది నీడ ఒకే తడి పూతలో కలిసిపోతే కంటికి కాలూ నేలా అతుక్కుంటాయి. వాటిని వేరువేరుగా వేస్తే మధ్యలో వెంట్రుకవాసి గీత మిగిలి, కుర్చీ తేలుతుంది.

నేల మీది నీడ అంతటా ఒకేలా ఉండదు. పాదం దగ్గర దాని అంచు పదునుగా, రంగు చిక్కగా ఉంటుంది. దూరం పోయే కొద్దీ అంచు మెత్తబడుతుంది, రంగు పలచబడుతుంది. కిటికీ ఒక బిందువు కాదు, వెడల్పైన వెలుగు తలుపు కనుక, వస్తువుకు దూరంగా ఉన్న నీడలోకి పక్కల నుంచి వెలుగు దూరుతుంది. పాదం దగ్గర పదునైన అంచు వదిలి, దూరపు అంచును శుభ్రమైన తడి కుంచెతో ఒక్కసారి తుడిస్తే ఈ మార్పు వస్తుంది. పూత ఆరాక, ప్రతి పాదం సరిగ్గా నేలను తాకే చోట సియన్నా, అల్ట్రామెరీన్‌ల చిక్కటి మిశ్రమంతో గోరంత గీత పెట్టాలి. ఈ నాలుగు గీతలు పెట్టగానే కుర్చీ ధబ్బున నేలకు దిగినట్టు అనిపిస్తుంది. నాకు ఈ పనిలో అన్నింటికంటే ఇష్టమైన క్షణం అదే.

చెక్క చారలు, అరుగుదల, పేము అల్లిక

చెక్క చారలను దువ్వెన పళ్ళలా సమానంగా గీయడం కంటే అసలు గీయకపోవడమే నయం. ముందుగా ప్రతి కర్రలో చారలు ఎటు పోతున్నాయో చూడాలి: కాలిలో నిలువుగా, అడ్డకర్రలో అడ్డంగా, చేతికర్ర వంపు తిరిగిన చోట వంపును అనుసరించకుండా దాన్ని కోసుకుంటూ. కాలిలోకి అడ్డకర్ర కుసి దూరిన చోట ఈ రెండు దిక్కులు ఒకదానికొకటి ఎదురవుతాయి. అక్కడ సన్నని చీకటి సందు ఒకటి గీస్తే, ఆ కుర్చీని ఒక వడ్రంగి చేశాడన్న సంగతి బొమ్మలోకి వస్తుంది. రిగ్గర్ కుంచెలో బర్న్ట్ అంబర్ తీసుకుని, గుడ్డకు అద్ది తడి తగ్గించి, వెంట్రుకలను వేళ్ళతో కొద్దిగా విడదీసి లాగితే ఒకే దెబ్బకు మూడు నాలుగు తెగిన చారలు పడతాయి. నీడలోనూ, బాగా వెలుగు పడిన చోటా చారలు కనిపించవు. ఆ రెండూ కలిసే మధ్య మేరలోనే అవి బాగా కనిపిస్తాయి, అక్కడే వేయాలి.

అరుగుదలను రంగు వేసి చూపేదానికంటే తీసి చూపేదే ఎక్కువ. నా కుర్చీ కుడి చేతికర్ర కొస దగ్గర పాలిష్ పూర్తిగా పోయి, నాలుగు వేళ్ళ వెడల్పున పాలిపోయిన మచ్చ ఉంది. ఎడమ చేతికర్ర దాదాపు కొత్తదానిలా ఉంది. ఈ ఒక్క తేడా ఆ కుర్చీలో కూర్చునే మనిషి గురించి ఎంతో చెబుతుంది. దాన్ని చూపడానికి, ఆరిన పూత మీద అరిగిన పాత కుంచెను తడిపి నెమ్మదిగా రుద్ది, వెంటనే మెత్తని కాగితంతో అద్దాలి. రెండు మూడు సార్లు చేస్తే అడుగున తేనె రంగు బయటపడుతుంది. కర్రల పదును అంచుల మీద, సీటు ముందు అంచు మీద కూడా ఇలాగే అక్కడక్కడ ఎత్తాలి. అంచు పొడవునా ఎత్తేస్తే తెల్ల దారం అతికించినట్టు ఉంటుంది. సొరుగుల బల్ల వేసేవారు దీనికి తిరుగు పని చేయాలి. పిడి చుట్టూ చేతి మురికి పట్టి రంగు చిక్కబడుతుంది కాబట్టి అక్కడ ఎత్తడం కాదు, పలచని అంబర్ అద్దాలి.

పేము సీటును చూసి భయపడేవారు ఎక్కువ. నిలువుగా, అడ్డంగా, రెండు మూలల దిక్కులుగా పేము పట్టీలు పోయి, మధ్యలో ఎనిమిది పలకల చిన్న కంతలు మిగిలేలా అల్లుతారు. పట్టీలను గీయడం మొదలుపెడితే ఆ పనికి అంతు ఉండదు. సీటు మొత్తానికి పలచని ఓకర్ పూత వేసి ఆరనిచ్చి, కంతలు వరుసలుగా ఏ దిక్కుల్లో పోతాయో తేలికపాటి పెన్సిల్ గీతలతో గుర్తించి, ఆరో నంబరు కుంచె కొసతో కంతలను మాత్రమే చీకటిగా పెట్టాలి. ముందు వరుసల్లో కంతలు పెద్దవిగా, ఎడంగా. వెనక్కి పోయే కొద్దీ చిన్నవిగా, అడ్డంగా నొక్కినట్టు. కిటికీ వైపున మూడో వంతు సీటులో వాటిని స్పష్టంగా పెట్టి, మిగిలిన చోట తడి పూతలో కలిపేస్తే చాలు, చూసేవారి కన్ను మిగతా అల్లికను తానే పూర్తి చేసుకుంటుంది. సీటు నడుమ కుంగి ఉంటే కంతల వరుసలు కూడా ఆ కుంగుకు తగ్గట్టు వంగాలి. ఎండ పడుతున్నప్పుడు సీటు కింద నేల మీద, నీడ మధ్యలో, ఈ కంతల్లోంచి దిగిన వెలుగు చుక్కలు కనిపిస్తాయి. వాటిని నీడ వేసే ముందే మాస్కింగ్ ఫ్లూయిడ్‌తో, అంటే రంగు అంటకుండా కాగితాన్ని కప్పి, తర్వాత ఊడదీయగల జిగురు లాంటి ద్రవంతో కాపాడుకోవచ్చు. అయితే ఆ ద్రవాన్ని కాగితం మీద వారం రోజులు వదిలేసి, తర్వాత లాగితే కాగితం పైపొర కూడా దాంతోపాటు లేచిపోయిన అనుభవం నాకుంది. పూత ఆరిన రోజే తీసేయాలి, పూసే కుంచెను ముందుగా సబ్బులో ముంచాలి.

ఇతర పదార్థాలు

లోహపు బీరువా తలుపు చదునుగా కనిపించినా నిజానికి చదును కాదు. లోపలికి వంగిన చిన్న సొట్టలు, తలుపు మీదకు వచ్చే గది రంగులు దాని మీద ఉంటాయి. చదును కుంచెతో పైనుంచి కిందికి ఒకే పూత వేసి, తడిగా ఉండగానే సొట్ట ఉన్న చోట ఒక పక్క చిక్కటి రంగు, మరో పక్క నీటి చుక్క తాకిస్తే సరిపోతుంది. పాలిష్ చేసిన బల్ల మీద పెట్టిన వస్తువుల ప్రతిబింబాలు ఎప్పుడూ నిట్టనిలువుగా కిందికే పడతాయి, నీడలాగా పక్కకు వాలవు. ఈ రెండింటినీ కలిపేయడం తరచూ జరిగే పొరపాటు. గుడ్డ కప్పిన సోఫాలో ముడతలు ఎక్కడపడితే అక్కడ పుట్టవు. బొత్తాం, కుట్టు, మూల వంటి లాగుడు ఉన్న చోట పుట్టి అక్కడి నుంచి విచ్చుకుంటాయి.

తెల్లటి ప్లాస్టిక్ కుర్చీని కళకు పనికిరానిదిగా కొట్టిపారేసేవారితో నేను ఏకీభవించను. అది తెల్లగా ఉందని తెలుసు కనుక మనం దాన్ని తెల్లగా చూస్తాం. నిజానికి కాగితం తెలుపు దాని సీటు పైభాగంలోనూ, చేతుల మీదా మాత్రమే ఉంటుంది. నేలకు దగ్గరైన భాగాలు నేల రంగును పీల్చుకుని కనిపిస్తాయి, పలచని వీపులోంచి ఎండ వడకట్టుకుని వచ్చి లోపలి వైపు వెచ్చని పసుపు ఛాయ ఇస్తుంది. బూడిద రంగుల మీద పట్టు సాధించడానికి ఇంతకంటే మంచి పాఠం దొరకదు.

వెనుక గోడ, చుట్టూ ఖాళీ

కుర్చీ వెనుక గోడను మొత్తం నింపవలసిన పని లేదు. వెలుగు పడిన వైపు గోడకు పలచని చల్లని పూత ఇస్తే ఆ అంచు తెల్లగా మెరుస్తుంది. నీడ వైపు కాగితాన్ని ఖాళీగా వదిలితే చీకటి అంచు దానంతట అదే తేలుతుంది. పూత కాగితం అంచుల దాకా పోకుండా మధ్యలోనే కరిగిపోయేలా తడి కుంచెతో వదిలేయాలి. నేలకూ గోడకూ మధ్య గీతను మాత్రం కుర్చీ సీటు ఎత్తునో, చేతికర్ర ఎత్తునో రాకుండా చూసుకోవాలి, లేకపోతే రెండు గీతలు కలిసిపోయి లోతు పోతుంది.

కుర్చీ మీద ఏదైనా వస్తువు పెట్టాలా వద్దా అన్నది అభిరుచికి సంబంధించినది. చిత్రకారుడు విన్సెంట్ వాన్ గో 1888 చివర్లో ఫ్రాన్స్‌లోని ఆర్ల్ పట్టణంలో తన గడ్డి సీటు కుర్చీని తైలవర్ణాల్లో చిత్రించినప్పుడు దాని మీద ఒక పైపు, పొగాకు పెట్టారు. తన మిత్రుడైన చిత్రకారుడు పాల్ గోగాన్ కుర్చీని కూడా అదే సమయంలో చిత్రించి, దాని మీద కొవ్వొత్తి, పుస్తకాలు పెట్టారు. మనుషులు లేకపోయినా ఆ రెండూ ఇద్దరు మనుషుల చిత్రాలుగా నిలిచాయి. ఒక్క వస్తువు చాలునని, రెండోది పెట్టగానే కుర్చీ వెనక్కి తగ్గి బల్లగా మారిపోతుందని నాకు అనిపిస్తుంది. మడిచిన కళ్ళజోడు, వీపు మీద వేలాడే తువ్వాలు వంటివి చాలు. కొత్తగా తెచ్చి అలంకరించినవి కాకుండా, ఆ కుర్చీ మీద మామూలుగా ఉండేవే అయితే మంచిది.

దిద్దుబాటు, ముగించవలసిన చోటు

ఆరే పూతలోకి నీటి చుక్క పడితే పువ్వులా విచ్చుకున్న మచ్చ ఏర్పడుతుంది. నేల మీద అయితే దాన్ని వదిలేయవచ్చు, కర్ర మీద అయితే పూర్తిగా ఆరాక అంచును తడి కుంచెతో మెత్తగా రుద్ది ఎత్తాలి. బురదలా మారిన రంగుకు కారణం దాదాపు ఎప్పుడూ ఒకటే: అడుగు పూత ఆరకముందే పై పూత వేయడం, లేదా ఒకే చోట కుంచెను పదేపదే తిప్పడం. అప్పుడు ఇంకో రంగు వేసి బాగు చేయాలని చూడకుండా, ఆ చోటును తడిపి, అద్ది, ఆరనిచ్చి, మర్నాడు మళ్ళీ మొదలుపెట్టాలి. కాలు వంకర వచ్చిందని ఆలస్యంగా తెలిస్తే, కాలును దిద్దడం కంటే పక్కనున్న నేల నీడను వెంట్రుకవాసి జరిపి వంకరను కప్పడం తేలిక.

పని అయిందో లేదో తెలుసుకోవడానికి బొమ్మను అద్దంలో చూడాలి, లేదా తలకిందులుగా గోడకు ఆనించి గది అవతలి నుంచి చూడాలి. ఒరిగిన కాలు, పైకి లేచిన పాదం అప్పుడు వెంటనే దొరికిపోతాయి. అవేవీ కనిపించకపోతే, చేతిలో ఉన్న రిగ్గర్ కుంచెను కడిగి పెట్టేయాలి, ఎందుకంటే ఆ తర్వాత వేసే చారలన్నీ బొమ్మకు కాకుండా చేతికి తృప్తినిచ్చేవే. టేపును కాగితం పూర్తిగా ఆరాక, బొమ్మకు ఎడంగా వాలుగా లాగుతూ తీయాలి. చట్రం కట్టించేటప్పుడు అద్దం కాగితానికి నేరుగా తగలకుండా మధ్యలో మందపాటి అట్ట అంచు పెట్టించి, ఎండ నేరుగా పడని గోడకు తగిలించాలి.